రాత్రి పదకొండు దాటాక ‘మిస్సమ్మ’నా, ‘అహ నా పెళ్ళంట’నా?

సెకండ్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. అందరూ పడుకుని ఉంటారు. గిన్నెలో పెరుగన్నం, పక్కన మాగాయ ముక్క, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మంచినీళ్ల చెంబుకి ఆనించిన ఫోను. ఆ టైముకి కొత్త సినిమా చూసే ఓపిక నాకుండదు. ఎవడు ఎవణ్ణి మోసం చేస్తాడో అన్న టెన్షన్ పగలు పడ్డది చాలు. చూసేసిన సినిమానే కావాలి. పోటీ ఎప్పుడూ ఈ రెండింటి మధ్యే: 1955 నాటి ‘మిస్సమ్మ’, 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’.

నవ్వుల లెక్కన జంధ్యాలదే పైచేయి, అందులో వాదనే లేదు. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్నే చూస్తూ ఉత్త అన్నం లాగించే సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చిక్కూ అక్కడే. ఒకసారి సరిగ్గా ఆ సీనుకి నా నోట్లో ముద్ద ఉంది. నవ్వు ఆపుకోబోతే పొలమారింది. దగ్గుకి అమ్మ లేచొచ్చి, లైటు వేసి, నెత్తి మీద తట్టి, “ఈ వేళప్పుడు ఈ ఇకిలింపులేంట్రా” అంది. నాన్న కూడా లేచారు. పైగా దాన్ని మధ్యలో ఆపలేం. అరగుండు బ్రహ్మానందం యజమానిని తిట్టుకునే సీను దాకా చూద్దామనుకుంటాను, అదయ్యాక ఇంకోటి. టైము చూస్తే రెండు.

‘మాయాబజార్’ ఏమైందంటారా? మూడు గంటల సినిమా, అదీకాక ఘటోత్కచుడి భోజనం చూశాక మళ్లీ వంటింట్లోకి వెళ్లాల్సొస్తుంది. అది ఆదివారం మధ్యాహ్నానికి.

‘మిస్సమ్మ’ దారి వేరు. పెళ్లికాని ఇద్దరు నిరుద్యోగులు టీచరు ఉద్యోగాల కోసం మొగుడూ పెళ్లాలమని చెప్పుకుని అప్పాపురం జమీందారు దగ్గర చేరతారు. అబద్ధం బయటపడుతుందేమోనన్న గుబులు తప్ప ఇంకే బాధా ఉండదు. విలన్ అనుకోవాలంటే అప్పు పేరుతో హీరోయిన్ మేరీ వెంటపడే డేవిడ్ ఉన్నాడు గానీ, ఆ వేషం వేసింది రమణారెడ్డి, ఇంక భయమేం వేస్తుంది? అన్నిటికీ మించి ఆ వెన్నెల. మార్కస్ బార్ట్లే కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ వెన్నెల గదిలో లైటు లేనప్పుడే బాగుంటుంది. ఎన్టీఆర్, సావిత్రి ఒకరి మీద ఒకరు చందమామకి చాడీలు చెప్పుకునే పాట వచ్చేసరికి నేను గిన్నె కడిగేసి మంచమెక్కి ఉంటాను.

లోపాల్లేవని కాదు. మొదట్లో కథ నెమ్మది. నేను చూసే ప్రింటులో మాటలు మెల్లగా, పాటలు గట్టిగా వినిపిస్తాయి. మేరీ పాత్రకి ముందు భానుమతిని తీసుకుని కొంత షూటింగ్ కూడా చేశారు, సావిత్రి వచ్చింది తర్వాతే. మేరీ చిర్రుబుర్రులాడినప్పుడల్లా భానుమతి అయితే ఈ మాట ఎలా విసిరేదో అని ఆలోచిస్తాను. ఆలోచిస్తూనే కళ్లు మూసుకుపోతాయి.

తప్పిపోయిన జమీందారు కూతురి కోసం డిటెక్టివు వేషంలో అక్కినేని నాగేశ్వరరావు వెతికే పుట్టుమచ్చ దొరికేదాకా నేను మెలకువగా ఉన్నది ఈ ఏడాది ఒక్కసారే. అదీ కరెంటు పోయి, ఫ్యాను ఆగి, దోమలు కుట్టబట్టి.