పెన్నకు ఏది మేలు: కొత్త చెక్‌డ్యామా, పాత చెరువా, గుట్టమీద కందకమా?

పెన్నానది నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ దారిలో ఎక్కువ భాగం పాత అనంతపురం, కడప జిల్లాలదే. చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు దానికి తోడయ్యేదీ ఈ నేలమీదే. నది మోసుకెళ్లే మంచినీళ్లూ ఇసుకా తగ్గిపోతే నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పు లోపలికి ఎక్కుతుంది, అలలు ఒడ్డును కోస్తాయి. కాబట్టి తీరం బాగుండాలంటే చేయాల్సిన పనిలో పెద్ద వాటా సముద్రం కనిపించని మన ఊళ్లలోనే ఉంది.

అమెరికాలో చెసాపీక్ అనే పెద్ద అఖాతం ఉంది. దానిలోకి చేరే మంచినీటిలో దాదాపు సగం సస్కెహానా నది తెచ్చేదే. ఆ నది ఎక్కువ దూరం పారేది పెన్సిల్వేనియా రాష్ట్రంలో. ఆ రాష్ట్రానికి అఖాతం ఒడ్డు అంగుళం కూడా లేదు. అయినా 1983లో అఖాతాన్ని బాగుచేసుకుందామని మేరీల్యాండ్, వర్జీనియా రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నప్పుడు పెన్సిల్వేనియా కూడా సంతకం పెట్టింది. అఖాతాన్ని పాడుచేసే ఎరువుల నీళ్లు, మట్టి అక్కడి పొలాల నుంచీ దిగుతున్నాయి మరి. వాగుల ఒడ్డున చెట్లు పెంచడం, పశువులు వాగులోకి దిగకుండా కంచె వేయడం, ఎరువు తగ్గించి వాడడం వంటి పనులతోనే ఆ రాష్ట్రం తన వంతు మోయాల్సి వచ్చింది. పెన్న విషయంలో పెన్సిల్వేనియా స్థానంలో ఉన్నది అనంతపురం, కడప.

అయితే ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం రైతు దగ్గరకు వెళ్లి, సముద్రం కోసం నీళ్లు వదిలేయమని చెప్పడం అన్యాయం. చెప్పినా ఎవరూ వినరు, వినాల్సిన అవసరమూ లేదు. అలాగే సముద్రంలో కలిసే ప్రతి చుక్కా వృథా అనే మాటనూ నేను ఒప్పుకోను. వరద నీరే మొగను తెరిచి ఉంచుతుంది, తీరానికి ఇసుకను చేరుస్తుంది, రొయ్య పిల్లలు, పీత పిల్లలు పెరిగే చోట ఉప్పును పలుచన చేస్తుంది. అందుకే నీటిని ఆపాలా వదలాలా అని వాదించుకోవడంకన్నా, మామూలు వానను మన దగ్గర నిలిపి, పెద్ద వరదను ఇసుకతో సహా కిందికి పోనిచ్చే పద్ధతి ఏదో చూసుకోవడం మంచిది. మన ముందున్న మూడు మార్గాలనూ ఈ కొలతతోనే చూస్తున్నాను.

మొదటిది చెక్‌డ్యామ్, అంటే వాగుకు అడ్డంగా కట్టే చిన్న గోడ. 2000లో నీరు-మీరు, 2015లో నీరు-చెట్టు, ఈ మధ్యలో 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైన ఉపాధి హామీ పథకం. ఇన్ని కార్యక్రమాల కింద నీటి పనులు జరిగాయి, వాటిలో అందరి కంటికీ ఇట్టే కనిపించేది చెక్‌డ్యామే. ఒక్క వేసవిలో కట్టేయవచ్చు, మొదటి వానకే నిండుతుంది, పక్కనున్న బోర్లలో నీళ్లు పైకి వస్తాయి. ఆ ఊరట నిజమైనదే. ఎండిన బోరులో మళ్లీ నీళ్లు చూసిన రైతు సంతోషాన్ని తక్కువ చేయలేను.

కానీ మన కింద ఉన్నది ఎక్కువగా గట్టి గ్రానైటు. నీరు ఇంకేది పైనున్న చెదిరిన రాతి పొరలోనూ, పగుళ్లలోనూ మాత్రమే. అందువల్ల చెక్‌డ్యామ్ లాభం దాని చుట్టుపక్కల పొలాలకే పరిమితం, అదీ బోరు వేయగలిగిన వాళ్లకే. నీళ్లు కనిపించగానే ఇంకో నాలుగు బోర్లు పడతాయి, ఊట మళ్లీ అడుగంటుతుంది. పైగా వాగులో అడ్డంగా గోడ ఉంటే ముందుగా ఆగేది ఇసుకే. కొన్ని వానాకాలాలకే గోడ ఎత్తు వరకూ మేట పడుతుంది. ఒకే వంకపై పది చెక్‌డ్యాములు కడితే కింది చెరువుకు చేరాల్సిన నీరు పైనే తెగిపోతుంది. ఒక ఊరికి ఊట ఇచ్చి, కింది ఊరి ఆయకట్టును ఎండబెట్టే పనిని మేలైనదని ఎలా అంటాం?

రెండోది పాత చెరువు. నా మొగ్గు దీనివైపే, దాచుకోను. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనమే చెబుతుంది. అంతకన్నా విలువైన సంగతి, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, రాకూడని ఆరు దోషాలూ అందులో చెక్కించడం. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్య మెరక, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఆ ఐదో దోషాన్ని మరోసారి చదవండి. పరీవాహకం ఎంతో, వచ్చే నీరు ఎంతో లెక్క చూడకుండా వరసగా చెక్‌డ్యాములు కట్టుకుంటూ పోతే మనం కొని తెచ్చుకునేది సరిగ్గా అదే. సరిహద్దు దోషమూ పాతబడలేదు. పెన్న, చిత్రావతి రెండూ కర్ణాటకలో పుట్టి మన దగ్గరకు వస్తాయి.

ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల గొప్పతనం మరవలో, అంటే నిండిన నీరు పొర్లి పోయే దారిలో ఉంది. చెరువు తనకు కావలసినంత ఉంచుకుని, మిగిలినదాన్ని మరవ మీదుగా కింది చెరువుకు వదులుతుంది, ఆఖరు చెరువు నదికి వదులుతుంది. చిన్న వాన ఊళ్లోనే ఆగుతుంది, పెద్ద వాన పెన్నను చేరుతుంది. వెడల్పాటి చెరువు అడుగున నిలిచేది ఎక్కువగా మెత్తటి ఒండ్రు. వేసవిలో ట్రాక్టర్లతో తోలుకుంటే ఎర్రనేల పొలానికి తేమ పట్టే గుణం వస్తుంది. ఆ మట్టి నదిలోకీ, మొగ దగ్గరకూ పోకుండా పొలంలోనే పంటకు పనికొస్తుంది. బుక్కపట్నం, ధర్మవరం చెరువులు ఇప్పటికీ నిండగలుగుతున్నాయంటే, ఆ స్థలాలు ఎంచినవాళ్లకు నీటి నడక తెలుసు.

పోయింది చెరువు కాదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. కట్ట మరమ్మతు చేసేవాళ్లకు దశబంధ మాన్యాలనే ఇనాం భూములు ఉండేవి, తూము తీసి మూసి నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఇప్పుడు మాన్యాలు లేవు. నీరుగంటి ఉన్న ఊళ్లు తక్కువ. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి గానీ, సంఘం పేరు కాగితంలో ఉన్నంత మాత్రాన కంపచెట్లు కట్టను వదిలిపోవు. వాటి వేర్లు కట్టను గుల్ల చేస్తుంటే తూము దగ్గర నిలబడి చూసే మనిషికి జీతం ఎవరిస్తారన్నదే చెరువు పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. పూడికతీత బిల్లులో ఆ ఖర్చు కనపడదు.

చెరువును బాగుచేయడంలోనూ తప్పుదారి ఉంది. నీళ్లు చేర్చే వంక ఆక్రమణలతో మూసుకుపోయి ఉంటే, చెరువును ఎంత లోతు తవ్వినా పెద్ద గొయ్యి మిగులుతుందంతే. గత పదేళ్లలో మరవ ఎన్నిసార్లు పారిందో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఒక్కసారీ పారలేదంటే ముందు వంక వెంట పైకి నడవాలి, తర్వాతే పొక్లెయిన్.

మూడోది గుట్టలమీది పని: కందకాలు, రాతి కట్టలు, అన్నిటికన్నా ముఖ్యంగా మేత, మంటల నుంచి కాపలా. దీనికి ఓపిక కావాలి. శ్రీసత్యసాయి జిల్లా ముష్టికోవెల పరిసరాల్లో కల్పవల్లిని చూస్తే ఆ ఓపిక విలువ తెలుస్తుంది. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా గ్రామస్తులు 1990ల నుంచి వేల ఎకరాల బంజరు గుట్టలను కాపాడుకున్నారు. మొక్కలు నాటడంకన్నా, ఉన్న మోళ్లు చిగురించేలా కాపలా కాయడమే అక్కడి అసలు పని. బోద గడ్డి, కలప కాని అటవీ ఉత్పత్తులు జనానికి ఆదాయమయ్యాయి. గుట్టమీద గడ్డి నిలిస్తే వంకలోకి మట్టి తగ్గుతుంది, నీరు ఒక్కసారిగా కాకుండా నిదానంగా దిగుతుంది. చెరువుకు ఆయుష్షు పెంచేది ఈ పనే. ఫలితం కనపడడానికి ఏళ్లు పట్టే పనికి ఓటు వేసే గ్రామసభలు అరుదు కావడమే దీని బలహీనత.

పెద్ద జలాశయాలు గ్రామసభ చేతిలో లేవు కనుక వాటిని ఈ పోటీలో పెట్టలేదు. గండికోటలో సుమారు 27 టీఎంసీలు, సోమశిలలో 78 టీఎంసీలు పడతాయి. సోమశిల వెనుక జలాలకు కడప జిల్లా ఊళ్లు మునిగాయి, ఆ బాధ నెల్లూరు ఆయకట్టు లెక్కల్లో కనిపించదు. 2021 నవంబరు 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. వరద పోవడానికి సరిపడా దారి ఉంచడం, ఉంచిన దారి తెరుచుకునేలా చూసుకోవడం, చిన్న చెరువుకైనా పెద్ద జలాశయానికైనా మొదటి షరతు.

కడప పట్టణంలో బుగ్గవంక సంగతీ ఇక్కడే చెప్పాలి. 2001 వరద తర్వాత అక్కడ రక్షణ గోడల అవసరం ఎవరూ కాదనలేరు. అయితే గోడల మధ్య పారేది మురుగే అయితే అది నేరుగా పెన్నలోకి పోతుంది. గోడ ఇంకో అడుగు పెంచడమా, మురుగు శుద్ధి చేయడమా అని అడిగితే, ఇప్పుడు శుద్ధికే డబ్బు పెట్టమంటాను.

ఇక ఊరిని బట్టి నా ఎంపిక. పాత చెరువు ఉన్న ఊరు దాని వంక, మరవ, తూము, పూడిక ఈ వరసలో పట్టుకోవాలి. అవి పూర్తయ్యే దాకా పైన కొత్త చెక్‌డ్యామ్ అడగకూడదు. చెరువు లేకుండా గుట్ట ఉన్న ఊరు కందకాలు, కాపలాతో మొదలుపెట్టి, కావాలంటే వంక పైభాగంలో, చిన్న పాయలమీద, తక్కువ ఎత్తు రాతి కట్టలు వేసుకోవచ్చు. చెక్‌డ్యామ్‌కు తగిన చోటు అదే. నది ఒడ్డునే ఉన్న ఊరికి ఈ మూడింటిలో ఏదీ మొదటి పని కాదు. అక్కడ ఇసుకే నీళ్ల తొట్టి. ఆ ఇసుకను లారీలకు ఎత్తిపోస్తుంటే ఎన్ని కట్టడాలు కట్టినా ఊట నిలవదు, సముద్రం ఒడ్డుకు చేరాల్సినదీ చేరదు. తవ్వకాలను అదుపు చేయడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. అలాంటి ఊళ్లు ఆ చట్టం కింద తవ్వకం ఆపమని తీర్మానం రాసి, కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోవాలి.