వేసవిలో పిల్లను ఎక్కడికి పంపాలి: బొటిక్‌కా, టైలర్ కొట్టుకా, మగ్గం దగ్గరికా?

"ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతాను" అని మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన రోజే చెప్పింది. ఆ వేసవిలో హైదరాబాద్‌లోని ఒక బొటిక్‌లో నెలన్నర పనిచేసింది. దసరా సెలవుల్లో నాలుగు రోజులు పోచంపల్లిలో, మాకు తెలిసిన నేతకారుల ఇంట్లో ఉంది. మరుసటి వేసవి రెండు నెలలూ మా వీధి చివరి టైలర్ కొట్టులో గడిపింది. మూడూ దగ్గరుండి చూశాను. పదిహేను, పదహారేళ్ల పిల్లలకు మొదటి మెట్టుగా ఏది మేలని ఎవరైనా అడిగితే నా ఓటు టైలర్ కొట్టుకే.

బొటిక్‌కు వెళ్లిన మొదటి వారం పిల్ల కళ్లు మెరిసిపోయాయి. అద్దాల గది, బొమ్మలకు తొడిగిన లెహంగాలు, ఫ్రేముకు బిగించిన బట్ట మీద జర్దోసీ (జరీ తీగల ఎంబ్రాయిడరీ) కుడుతున్న పనివాళ్లు. రెండో వారానికి తన పని ఏమిటో తెలిసింది: మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి లైనింగులు, దారపు రీళ్లు తేవడం, తయారైన బట్టలకు ఫోటోలు తీయడం. కత్తెర మాత్రం చేతికివ్వలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క ఒక్కటే ఉంటుంది, పాడైతే మళ్లీ దొరకదు. నెలన్నర ఉండి వెళ్లిపోయే పిల్ల చేతిలో దాన్ని ఎవరు పెడతారు?

నాకు కోపం తెప్పించింది పనివేళలు. ముహూర్తాల రోజుల్లో రాత్రి తొమ్మిదింటి దాకా ఉంచేవారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను సాయంత్రం 7 నుంచి ఉదయం 8 వరకు పనిలో ఉంచకూడదని బాల, కౌమార కార్మికుల చట్టం చెబుతోంది. మధ్యలో విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు, వారానికి ఒక సెలవు ఉండాలి. శిక్షణ అని పేరు పెట్టినంత మాత్రాన పిల్లల ఒళ్లు అలసిపోకుండా ఉండదు కదా. ఆ సంగతి ముందే మాట్లాడుకోకపోవడం మా పొరపాటు.

అయినా బొటిక్ ఇచ్చిన మేలు ఒకటుంది. ఒక పెళ్లికూతురు ఫోనులో ఫోటో చూపించి, అలాంటి కుచ్చులే తన పట్టు బట్టకు కావాలని పట్టుబట్టిందట. ఫోటోలోది నెట్ బట్ట, పట్టులో కుచ్చు అలా విప్పారి నిలబడదని బొటిక్ ఆవిడ ముక్క మడిచి మరీ చూపించారు. తర్వాత బట్టకెంత, లైనింగుకెంత, మగ్గం వర్కుకు (నేత కాదు, ఫ్రేము మీద చేసే ఎంబ్రాయిడరీకి) ఎన్ని రోజుల కూలి పడుతుందని లెక్క కట్టారు. ఆ లెక్క పిల్ల నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది. టైలర్ కొట్టులో అది నేర్పేవారు లేరు.

ఇక టైలర్ కొట్టు. అక్కడ మాస్టరు గారు, ఆయన భార్య కలిసి పనిచేస్తారు. ఆడపిల్లను పంపేటప్పుడు నేను మొదట చూసింది అదే. మొదటి పది రోజులూ వదులు చేయాల్సిన పాత జాకెట్ల కుట్లు విప్పించారు. "పిన్నీ, ఇంకా విప్పడమేనా?" అని రోజూ విసుక్కునేది. పదకొండో రోజు తనే విప్పిన ముక్కలను వార్తాపత్రిక మీద పరిచి పెన్సిలుతో గీసుకుంటోంది. చంక దగ్గర ముందు వైపు వంపు వెనక వైపు కన్నా లోతుగా ఉంటుందని, పక్క కుట్ల లోపల వదిలిన అంగుళం బట్టే తర్వాత వదులు చేయడానికి పనికొస్తుందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

తర్వాత పాత దుప్పటి ఇచ్చి జాకెట్టు కత్తిరించమన్నారు. చేతులు రెండూ ఎడమవే వచ్చాయి! బట్ట ఒంటి పొరగా పరిచి, ఒకే కాగితం పెట్టి రెండుసార్లు గీసింది. మాస్టరు గారు కేకలేయలేదు. బట్ట మంచివైపు లోపలికి వచ్చేలా మడిచి కత్తిరిస్తే కుడిదీ ఎడమదీ ఒకేసారి వస్తాయని చూపించి, "మళ్లీ కత్తిరించమ్మా" అన్నారు. చవకగా దొరికే దుప్పటి గుడ్డా, మళ్లీ చేయమనే మనిషీ బొటిక్‌లో దొరకలేదు. జూన్ వచ్చేసరికి కాజాలు, ఫాల్, పైపింగ్ చేయడం వచ్చింది. సొంతంగా మూడు జాకెట్లు కుట్టింది.

కొట్టుకు లోటు లేకపోలేదు. మాస్టరు గారి చేతికి తెలిసినదంతా ఆయన మాటల్లో చెప్పలేరు. బొమ్మ గీయడం, రంగుల పొందిక అక్కడ దొరకవు. వాటికి నెల రోజుల వేసవి కోర్సు పనికొస్తుంది, కానీ అది ఇచ్చే సర్టిఫికెట్ చూసి మురిసిపోవద్దు. జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో డిజైన్ డిగ్రీ (బీడిజైన్) ప్రవేశానికి దానికి మార్కులు లేవు. అక్కడ రాతపరీక్షలు దాటాక, ఇచ్చిన వస్తువులతో అక్కడికక్కడే ఒక నమూనా చేసి చూపించాలి. కత్తెర అలవాటైన చేతికి అది కొంత తేలిక.

మగ్గాన్ని వీటితో ఒకే తక్కెడలో తూచలేను. నాలుగు రోజుల్లో ఎవరికీ నేత రాదు. కానీ పోచంపల్లి వాళ్లు నేసే ఇక్కత్ బట్టలో పువ్వు అంచులు ఎందుకు మసకగా ఉంటాయో అక్కడే తెలుస్తుంది. నేయకముందే పోగులకు డిజైను ప్రకారం అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు, నేతలో అవి వెంట్రుకవాసి జరిగినా అంచు చెదురుతుంది. ఆ కట్లు కట్టే ముందు పోగును మేకుల చుట్టూ చుట్టడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు ఆసు పోయడానికి చేతిని సుమారు 9,000 సార్లు ముందుకూ వెనక్కీ ఆడించాలి. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మా పిల్ల పావుగంట ఆసు పోసి భుజం పట్టుకుని కూర్చుంది. పోచంపల్లి బట్ట కత్తిరించాల్సి వస్తే ఇప్పుడు ముందు నాలుగుసార్లు కొలుస్తోంది. హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల లోపే కాబట్టి, ఎక్కడ పని నేర్చుకుంటున్నా ఒక సెలవు దినం అక్కడ గడిపి రావచ్చు.

వచ్చే వేసవికి మళ్లీ బొటిక్‌కే వెళ్తానంటోంది. వెళ్లమన్నాను. ఈసారి చేతిసంచిలో తను కుట్టిన మూడు జాకెట్లు తీసుకెళ్తుంది. మొదటి వారం ఏ బట్ట మీద కత్తెర పెట్టనిస్తారని తను అడుగుతుంది, సాయంత్రం ఎన్నింటికి ఇంటికి పంపుతారని నేను అడుగుతాను.