అచ్చు వంపుల రబ్బరు హోస్ పైపు: బిగించి చూశాక

ఇంజన్ వేడిని మోసుకొచ్చే ద్రవమైన కూలెంట్‌ను రేడియేటర్‌కు చేర్చే పై హోస్ పైపు మెత్తబడి అంచుల దగ్గర ఉబ్బడంతో, దాని స్థానంలో నా వాహనం మోడల్ కోసమే వంపులతో సహా అచ్చు వేసిన ఈపీడీఎం (వేడికి తట్టుకునే ఒక కృత్రిమ రబ్బరు) పైపు కొని బిగించాను. ఇలాంటి పైపులో ముందుగా చూడవలసింది ఆకారమే. ఎక్కడైనా వంగుతుందని అమ్మే మడతల పైపు చౌకగా దొరుకుతుంది గానీ, ఇరుకైన మలుపులో అది నొక్కుకుపోతే ప్రవాహం తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది. ఈ పైపు మాత్రం రెండు మూతుల మీదికీ బలవంతం లేకుండా ఎక్కింది, ఫ్యాన్‌కూ బెల్టుకూ తగలకుండా దూరంగా నిలిచింది.

రబ్బరు పొరల మధ్య దారపు అల్లిక ఉంది. కోసిన అంచులో అది చుట్టూ సమానంగా కనిపించడం నాకు నమ్మకం కలిగించింది, ఎందుకంటే లోపలి కూలెంట్ పెట్టే సుమారు 1 బార్ (దాదాపు వాతావరణ పీడనమంత) ఒత్తిడికి పైపు ఉబ్బకుండా ఆపేది ఆ అల్లికే. పాత పైపులు చాలావరకు పైకి నిగనిగలాడుతూనే లోపల చెడిపోతాయి: కూలెంట్‌కూ లోహపు భాగాలకూ మధ్య జరిగే విద్యుత్ రసాయన చర్య వల్ల, ముఖ్యంగా అంచులకు 5 సెంటీమీటర్ల లోపు, లోపలి నుంచి సన్నని నిలువు పగుళ్లు పుడతాయి. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక మధ్య భాగాన్నీ అంచులనూ వేళ్లతో నొక్కి, తేడా ఉందేమో పోల్చి చూడాలి.

సిలికాన్ పైపు ఇంకా ఎక్కువ వేడికి తట్టుకుంటుందన్నది నిజమే. అయితే దాని గోడల గుండా ఆవిరి కాస్త ఎక్కువగా బయటికి పోతుంది, మెత్తని ఆ పదార్థాన్ని మామూలు స్క్రూ క్లిప్పు కోసే ప్రమాదమూ ఉంది. రోజువారీ వాహనానికి ఈపీడీఎం చాలు. దీని బలహీనత నూనె. ఇంజన్ ఆయిల్ లీకు ఉన్నచోట ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది కనుక ముందు ఆ లీకును ఆపించాలి, పైపు ఎక్కించేటప్పుడు కూడా గ్రీజు వాడకుండా కాస్త కూలెంట్‌తో తడిపితే సరిపోతుంది.

నాకు నచ్చనిది జతగా ఇచ్చిన స్క్రూ క్లిప్పులు. వేడికి రబ్బరు సర్దుకున్నాక వాటి పట్టు సడలింది, ఇంజన్ చల్లారాక మళ్లీ బిగించవలసి వచ్చింది. రబ్బరుతో పాటే వ్యాకోచించి సంకోచించే స్ప్రింగు క్లిప్పులు ఇచ్చి ఉంటే ఈ పని తప్పేది. పాత స్ప్రింగు క్లిప్పులు గట్టిగా ఉంటే వాటినే వాడమని కొనేవారికి నా సలహా. పైపు మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించకపోవడం ఇంకా పెద్ద లోపం. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది కాబట్టి, అది గోదాములో ఎంతకాలం పడి ఉందో తెలుసుకునే హక్కు కొనేవారికి ఉంది.