3,000 ల్యూమెన్లు, 70 సెకన్లు: రెండేళ్లు వాడాక ఒక టార్చి గురించి

ఈ టార్చి నా చేతికొచ్చి రెండేళ్లు దాటింది. గుప్పిట్లో ఇమిడే సైజు, ఒక 21700 బ్యాటరీ (21 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. పొడవు), అడుగున మాగ్నెట్, పక్కన ఒకే బటన్. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రెండు అంకెలు: 3,000 ల్యూమెన్లు (టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత), 2 గంటల 30 నిమిషాలు. పక్కపక్కన కనిపిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను.

లెక్క వేసి చూడాలని ఏడాది దాకా తట్టలేదు. బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, 3.6 వోల్టులంటే 18 వాట్ అవర్లు. సర్క్యూట్‌లో పోయేది పోగా వాట్‌కు 100 ల్యూమెన్లు వచ్చాయనుకున్నా 3,000కి 30 వాట్లు కావాలి. 36 నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ. మరి మిగతా రెండు గంటలు ఎక్కణ్ణించి వస్తాయి?

ఒక రాత్రి బాత్రూంలో లైటు ఆర్పేసి, టార్చిని నేల మీద నిలబెట్టి సీలింగ్ కేసి వెలిగించాను. పక్కన ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్, అంటే ఒక చోట పడే వెలుగును కొలిచేది. దాంతో అసలు ల్యూమెన్లు తేలవు, అందుకు ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (అన్ని వైపులా వెళ్లే వెలుగును కలిపి కొలిచే బోలు గోళం) ఉండాలి. కానీ మొదట ఎంత, తర్వాత ఎంత అన్నది తెలుస్తుంది. వెలిగించగానే 410. 30వ సెకనుకు 385. 70వ సెకను దగ్గర దిగడం మొదలై, రెండు నిమిషాలు తిరిగేసరికి 110 దగ్గర ఆగింది. అంటే మూడు వేలు కాస్తా 800 చిల్లర అయ్యాయి. ఆ 110 మాత్రం దాదాపు రెండు గంటలు కదల్లేదు. తర్వాత గబగబా పడిపోయి, 2 గంటల 20 నిమిషాలకు 38.

వేడి వల్లే తగ్గిస్తోందేమో అని మర్నాడు టేబుల్ ఫ్యాన్ పెట్టి మళ్లీ చూశాను. అదే 70వ సెకను! వేడిని చూసి కాదు, గడియారం చూసి దిగుతోంది. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

అయినా పెట్టె మీద ఉన్నది అబద్ధం అనలేం. టార్చిల కొలతలకున్న ఎఫ్‌ఎల్1 ప్రమాణం గుర్తు ఉంది. 2009లో అమెరికాలో వచ్చిన ఈ ప్రమాణం ప్రకారం వెలుగును కొలిచేది వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు. రన్‌టైమ్, అంటే ఎంతసేపు వెలుగుతుందన్న లెక్కేమో ఆ మొదటి వెలుగులో 10 శాతానికి పడిపోయేదాకా సాగుతుంది. మధ్యలో పావు వంతుకు దిగినా లెక్క ఆగదు. మూడు వేలూ నిజమే, రెండున్నర గంటలూ ఇంచుమించు నిజమే, రెండూ కలిపి మాత్రం ఒక్క క్షణం కూడా నిజం కాదు.

ఇంత తేడాని ఏడాది పాటు నేను గమనించకపోవడానికి కారణం కన్ను. వెలుగు పావు వంతుకు తగ్గినా కంటికి అంత తగ్గినట్టు ఉండదు, పైగా మెల్లగా దిగితే అసలు పట్టుకోలేం.

వెలుగు 300 మీటర్ల దూరం వెళ్తుందని పెట్టె మీద ఉన్నదీ ఇలాంటిదే. అంత దూరంలో పడేది 0.25 లక్స్, నిండు పున్నమి వెన్నెలంత. చెట్టు ఉందని తెలుస్తుంది, దాని కింద కూర్చున్నది కుక్కో రాయో తెలియదు. 100 మీటర్ల లోపు మాత్రం బాగా పనిచేస్తుంది.

చిన్న మోడ్‌ల మీద నాకు ఫిర్యాదు లేదు. 60 ల్యూమెన్ల మోడ్‌కు 30 గంటలని రాశారు. విడతలు విడతలుగా వెలిగించి కొలిస్తే 27 వచ్చింది. రెండేళ్లలో నేను ఎక్కువగా వాడిందీ దాన్నే. బ్యాటరీ కూడా నిలబడింది: కొత్తలో ఛార్జర్ 4,850 ఎంఏహెచ్ చూపించింది, ఇప్పుడు 4,400.

స్పేర్‌గా కొన్న బ్యాటరీ సంగతి వేరే. కాస్త చిన్నదైన 18650 సైజు, ఒంటి మీద 9,900 ఎంఏహెచ్ అని రాసుంది. ఆ సైజులో మంచి కంపెనీలే చాలావరకు 3,600 దగ్గర ఆగిపోతాయి. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించి ఛార్జర్‌లో పెట్టి చూస్తే 1,150.

టార్చి మంచిదే. 800 ల్యూమెన్లు, రెండు గంటలు అని రాసున్నా కొనేవాణ్ణి. ఈసారి కొనేటప్పుడు మాత్రం పెట్టె వెనక రన్‌టైమ్ గ్రాఫ్ ఉందా లేదా చూస్తాను. దీనికి లేదు.