కొచ్చి దీవులు: కారు వదిలేసి పడవ ఎక్కాక

మొదటి రోజు కారు మాట్లాడుకున్నాం. వంతెనల మీద ట్రాఫిక్‌లోనే సగం పూట పోయింది. కొచ్చికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, కారు వద్దు, పడవ ఎక్కండి.

రెండో రోజు హైకోర్టు టెర్మినల్‌లో వాటర్ మెట్రో ఎక్కాం. 2023 ఏప్రిల్‌లో మొదలైన సర్వీసు ఇది. పడవలు కొచ్చిన్ షిప్‌యార్డులోనే కట్టారు, ఒక్కోదాంట్లో వంద మంది పడతారు. నాకు బాగా నచ్చింది ఎక్కే చోటు. ఆ ప్లాట్‌ఫారం నీళ్ల మీద తేలుతూ, పోటు వస్తే పైకి, పాటుకి కిందికి పడవతో పాటే కదులుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. కాకపోతే ఏసీ కోసం అద్దాలు మూసి ఉంటాయి. గాలి తగలాలంటే ఎర్నాకుళం జెట్టీ నుంచి వెళ్లే ప్రభుత్వ బోట్లే హాయి, టికెట్టూ చాలా తక్కువ.

కొచ్చి రేవు కథ వరదతో మొదలవుతుంది. 1341లో పెరియార్ నది పొంగి పాత ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి దగ్గర సముద్రానికి దారి తెరుచుకుందంటారు. వైపిన్ దీవి కూడా అప్పుడే ఏర్పడిందని చెబుతారు. అయినా ముఖద్వారానికి అడ్డంగా ఇసుక మేట ఉండటంతో పెద్ద ఓడలు బయటే లంగరు వేసేవి. 1920లో వచ్చిన ఇంజినీరు రాబర్ట్ బ్రిస్టో ఆ మేటను తవ్వించాడు. 1928లో 'పద్మ' అనే ఓడ లోపలికి రాగలిగింది. తవ్వి తీసిన మట్టితోనే విల్లింగ్‌డన్ దీవి తయారైంది. అక్కడ ఎక్కువ భాగం నేవీది, పోర్టుది, మనకు చూడటానికి గంట చాలు. కానీ కాలి కింది నేల ఒకప్పుడు నీటి అడుగున ఉండేదని తెలిసి నడిస్తే ఒళ్లు పులకరించింది.

బోల్గాట్టి దీవిలో డచ్చివాళ్లు 1744లో కట్టిన ప్యాలెస్ ఇప్పుడు కేరళ టూరిజం హోటల్. ఊరంతా తిరగాలనుకునేవాళ్లు బస మాత్రం ఫోర్ట్ కొచ్చిలోనే చూసుకోవాలి. మేం దిగిన హోంస్టేలో అప్పం, స్ట్యూ, ఇంటివాళ్ల ఆదరణ ఎంతో బాగున్నాయి. ఫొటోల్లో చూపించిన 'వాటర్ వ్యూ' మాత్రం గదిలోంచి కాదు, డాబా ఎక్కితేనే. బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి అక్కడికి నడిచే దూరమే. 1524లో కొచ్చిలో చనిపోయిన వాస్కో డ గామాను మొదట పాతిపెట్టింది ఇక్కడే, తర్వాత అస్థికల్ని పోర్చుగల్ తీసుకెళ్లారు. మట్టాంచేరి ప్యాలెస్‌లో రామాయణ కుడ్యచిత్రాల ముందు అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. దానికి శుక్రవారం సెలవు, 1568 నాటి సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనామందిరానికి, శనివారం. ఈ రెండు రోజులూ తప్పించి వెళ్లండి.

చివరి సాయంత్రం ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్‌కి రో-రో ఎక్కాం. బళ్లు, మనుషులు అన్నీ ఒకే పడవలో. ఒడ్డున ఉన్న చీనా చేపల వలలు దాటుతుండగా సముద్రం వైపు నుంచి ఒక కంటైనర్ ఓడ వచ్చింది. అది వల్లార్‌పాడం కంటైనర్ టెర్మినల్ వైపు సాగిపోయేదాకా మా పడవ పక్కకు ఆగింది. అమ్మ రెయిలింగ్ పట్టుకుని దాని పేరు చదవడానికి ప్రయత్నిస్తూనే ఉంది.