పడవ ట్రైలర్‌కి తగిలించే వెనక నంబర్ బోర్డు: ఒడిశా దాకా లాక్కెళ్లే వాళ్లకి పనికొస్తుందా?

ఫైబర్ తెప్పని ట్రైలర్ మీదకి ఎక్కించి తాళ్లు బిగించాక వెనక్కొచ్చి చూస్తే నంబరు కనబడదు, ఎర్ర లైట్లు కనబడవు. తెప్ప వెనక భాగమూ, దానికి వేలాడే ఇంజనూ కలిసి అన్నింటినీ కప్పేస్తాయి. దానికి విరుగుడుగా అమ్ముతున్నదే ఈ విప్పి తగిలించే బోర్డు. నాలుగడుగుల పట్టీ, రెండు చివర్లా ఎల్ఈడీ లైట్లు, మధ్యలో నంబరుకి చోటు, దాని మీద చిన్న తెల్ల లైటు, పొడవాటి వైరు, చివర ఏడు పిన్నుల ప్లగ్గు. ఆన్‌లైన్‌లో పేరు లేని పెట్టెల్లో వచ్చేదీ ఇదే, ఆటో ఎలక్ట్రీషియన్ కట్టిచ్చేదీ ఇదే నమూనా. బారువ, భావనపాడు, కళింగపట్నం నుంచీ, ఇటు విజయనగరం జిల్లా చింతపల్లి, ముక్కాం నుంచీ ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వైపు తెప్పల్ని తీసుకెళ్లే వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసిన సమీక్ష ఇది.

బోర్డు కొనదగ్గదే. కానీ దానితో పాటు వచ్చే ఒక మాట మాత్రం నమ్మకండి: "ఇది పెట్టుకుంటే చాలు, ట్రైలర్‌కి వేరే నంబరు అక్కర్లేదు" అన్నది శుద్ధ తప్పు.

మోటారు వాహనాల చట్టం, 1988లో 61వ సెక్షన్ చూస్తే సంగతి తేలిపోతుంది. ట్రైలర్ కూడా రిజిస్టర్ కావలసిన వాహనమే. దాని సొంత నంబరు దాని పక్క భాగం మీద కనబడాలి. లాగే బండి నంబరేమో ట్రైలర్ వెనక కనబడాలి. ఒకదాని వెనక ఒకటి తగిలిస్తే అన్నిటికంటే చివరి దాని మీద. అంటే నంబర్లు రెండు, చోట్లు రెండు. ఈ బోర్డు మీద రాయించాల్సింది ట్రాక్టర్ నంబరో పికప్ నంబరో తప్ప ట్రైలర్‌ది కాదు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు: ట్రైలర్ నంబరు తెచ్చి వెనక బోర్డు మీద వేస్తారు, పక్కన ఖాళీగా వదిలేస్తారు. వెనక నుంచి చూసేవాడికి లాగుతున్న బండి ఏదో తెలియాలన్నదే ఈ సెక్షన్ ఉద్దేశం కాబట్టి, అలా రాయిస్తే బోర్డు పెట్టీ పెట్టనట్టే.

వెల్డింగ్ షాపులో కట్టించి ఆర్‌సీ లేకుండా తిప్పే ట్రైలర్‌ని ఏ బోర్డూ కాపాడదు. రిజిస్ట్రేషన్ లేని వాహనం నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా. కొత్త ట్రైలర్ కొంటుంటే అమ్మేవాడి దగ్గర ఫారం 21 (అమ్మకం పత్రం), ఫారం 22 (రోడ్డు మీద తిరగడానికి యోగ్యమన్న పత్రం) చేతికి తీసుకున్నాకే డబ్బు లెక్కపెట్టండి. రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు, అంటే ఫారం 20, పెట్టేటప్పుడు ఆ రెండూ అడుగుతారు.

రాష్ట్రం దాటడం గురించి ఉన్నంత గందరగోళం నిజానికి అక్కర్లేదు. పురుషోత్తపురం దాటి గిరిసోల చేరినా, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లినా, సరిహద్దు కోసం ప్రత్యేకమైన ప్లేటంటూ ఏమీ లేదు. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. పాత ఏపీ 30 (శ్రీకాకుళం) గానీ, ఏపీ 35 (విజయనగరం) గానీ, 2019లో వచ్చిన ఏపీ 39 గానీ అక్కడ తేడా లేదు. బండిని ఏకధాటిగా 12 నెలలు దాటి అక్కడే ఉంచేస్తే మాత్రం ఒడిశా నంబరుకి మారాలి. చేపల సీజనుకి వెళ్లి వచ్చేవాళ్లకి ఆ తలనొప్పి రాదు. పసుపు ప్లేటు బండి అయితే పర్మిట్ వేరే సంగతి, ఆ పని బోర్డు చేయలేదు. ఇన్సూరెన్స్ కాగితం కూడా బయల్దేరే ముందే తిరగేయాలి: ట్రాక్టర్ పాలసీలో ట్రైలర్ నంబరు కూడా ఎక్కిందా లేదా? వ్యవసాయానికని రిజిస్టర్ చేసిన ట్రైలర్ మీద కిరాయికి తెప్ప మోస్తే, ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే.

ఇక బోర్డు. నంబరు రాయించే చోట కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ స్టిక్కర్లు పారేయండి, అక్షరాలు చిన్నవి. కారుకైనా ట్రాక్టర్‌కైనా నిబంధన ప్రకారం అక్షరం ఎత్తు 65 మి.మీ., గీత మందం 10 మి.మీ., అక్షరాల మధ్య ఎడం 10 మి.మీ. ఇంగ్లీషు అక్షరాలు, మామూలు అంకెలు మాత్రమే. గంగమ్మ తల్లి పేరు, సంఘం పేరు, పార్టీ గుర్తు తెప్ప మీద ఎంత పెద్దగా రాసుకున్నా అభ్యంతరం లేదు, ప్లేటు మీద కుదరదు. రంగు లాగే బండిది ఎలా ఉంటే అలాగే: సొంత బండికి తెలుపు మీద నలుపు, కిరాయి బండికీ సరుకుల బండికీ పసుపు మీద నలుపు. కిట్లలో దాదాపు అన్నీ తెల్ల పలకతోనే వస్తాయి, బొలెరో పికప్ వాళ్లు పలక మార్పించుకోక తప్పదు. ఒకే ట్రైలర్‌ని రెండు మూడు బండ్లకి తగిలించే వాళ్లు పలకని నాలుగు బోల్టులతో బిగించకుండా పక్కనుంచి తోసే గాడి పెట్టించుకుంటే, బండి మారినప్పుడల్లా పలక మార్చేయొచ్చు.

కొందరు ట్రైలర్‌కి ఉన్న హై సెక్యూరిటీ ప్లేటునే పీకి బోర్డు మీద పెడుతున్నారు. అది చేయకండి. దాన్ని పట్టి ఉంచేది స్నాప్ లాక్, ఒక్కసారి విప్పితే విరిగిపోతుంది, మళ్లీ పనికిరాదు. పలక ఎడమ మూల చక్రం హాలోగ్రాం, కింద లేజర్ నంబరూ ఆ వాహనానికే కట్టుబడి ఉంటాయి. దాన్ని దాని చోటే ఉంచండి. ఎక్కించిన సరుకు వల్ల నంబరో లైటో మరుగున పడితే, కనబడేలా ఇంకొకటి పెట్టమన్నది రోడ్డు నియమం. ఈ బోర్డు చేసేది ఆ పనే.

నంబరు మీది తెల్ల లైటుకి ఒక పరీక్ష ఉంది: చీకట్లో వెనక 15 మీటర్ల దూరంలో నిలబడితే నంబరు చదవగలగాలి. ఎర్ర లైట్లు 155 మీటర్ల నుంచి కనబడాలి. చవక కిట్లలో తెల్ల లైటు ఒక్కటే ఉంటుంది, అదీ ఒక మూలన. నాలుగంకెల్లో చివరి రెండూ నీడలో పడతాయి. రెండు వైపులా రెండు చిన్న లైట్లున్నది తీసుకోండి.

బోర్డులు పాడయ్యేది ఎక్కువగా వైరు దగ్గరే. ఏడు పిన్నుల ప్లగ్గులో 1 ఎడమ ఇండికేటర్, 4 కుడి ఇండికేటర్, 3 ఎర్త్, 6 బ్రేక్, 5 కుడి ఎర్ర లైటు, 7 ఎడమ ఎర్ర లైటు. 2 పొగమంచు లైటుది, మనకి ఖాళీ. నంబరు లైటుకి వేరే పిన్ను లేదు, 5కో 7కో కలపాలి. రెండింటికీ కలిపితే కుడి ఎడమల సర్క్యూట్లు ఒకటైపోయి, ఒక పక్క షార్ట్ అయితే రెండు పక్కలా చీకటే. బ్రేక్ తొక్కితే ఇండికేటర్లు మినుకుమినుకుమంటున్నాయంటే బల్బులు మార్చకండి, తప్పు ఎర్త్‌ది. అన్ని లైట్ల కరెంటూ తిరిగి వెళ్లే దారి అదొక్కటే. అది వదులైతే కరెంటు పక్క బల్బుల్లోంచి దారి వెతుక్కుంటుంది. మిగతా వైర్లు 0.75 చదరపు మి.మీ. ఉన్నా సరిపోతుంది, ఎర్త్ మాత్రం 1.5 ఉండాలి. హుక్కు ఇనుము ద్వారా ఎర్త్ వస్తుందిలే అని వదిలేస్తే, గ్రీజూ తుప్పూ పట్టిన పిన్ను ఏ రోజు మొండికేస్తుందో చెప్పలేం.

కిట్‌తో వచ్చే వైరు చాలావాటికి 7 మీటర్లే. 28 అడుగుల తెప్పే ఎనిమిదిన్నర మీటర్లు, దాని మీద డ్రాబార్ (ట్రైలర్‌ని బండికి తగిలించే కడ్డీ) పొడవు, మలుపులో తెగకుండా వదిలే ఒదులు. 11 మీటర్ల వైరు అడగండి. మధ్యలో అతుకు పెట్టిస్తే అది ఉప్పునీటికి నోరు తెరిచినట్టే. ట్రాక్టర్, పికప్ 12 వోల్టులు, పెద్ద లారీ 24. 12 వోల్టుల బోర్డు లారీకి తగిలిస్తే ఎల్ఈడీలు అక్కడికక్కడే మాడిపోతాయి. మామూలు బల్బుల బోర్డు కంటే ఎల్ఈడీది మేలనడానికి ఇంకో కారణం ఇండికేటర్ ఫ్లాషర్, అంటే లైటుని వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే డబ్బా: పాత ట్రాక్టర్ ఫ్లాషర్ మీద ఇంకో 21 వాట్ల బల్బు భారం పడితే కొట్టుకునే వేగం మారిపోతుంది, ఎల్ఈడీకి ఆ బాధ తక్కువ.

అసలు సుఖం తెప్ప దించేటప్పుడు తెలుస్తుంది. ట్రైలర్‌కే బిగించిన లైట్లు అలల్లో మునుగుతాయి, అప్పటిదాకా వేడిగా ఉన్న గాజు చల్లనీళ్లు తగిలి పగులుతుంది, ఉప్పు లోపలికి పోతుంది. ఈ బోర్డుని నీళ్లకి ముందే విప్పి ట్రాక్టర్ మీద పెట్టేయొచ్చు. అయినా గాలిలోని ఉప్పు ప్లగ్గుని వదలదు. ఇనుప పిన్నులైతే త్వరలోనే తుప్పు పొర, ఇత్తడివైతే పచ్చటి చిలుము. ఇత్తడివే తీసుకోండి. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలీన్ పల్చగా రాసి, మూత పెట్టండి. ధరలో తేడా ఎక్కువగా ఈ పిన్నుల దగ్గరా, వైరు పొడవు దగ్గరా వస్తుంది. అక్కడ పెట్టే డబ్బు వృథా కాదు.

తగిలించే చోటు విషయంలో చాలామంది ఇంజను కింది కొసకి తాడు కట్టి వేలాడదీస్తారు. గతుకుల్లో బోర్డు ఊగి ఇంజను ఫ్యాన్‌కి (నీళ్లలో తిరిగే రెక్కలకి) కొట్టుకుంటుంది, నంబరు ఆకాశం వైపు తిరుగుతుంది. తెప్ప వెనక చెక్కకి రెండు సి-క్లాంపులతో బిగించి, రెండు చివర్లా రబ్బరు పట్టీలు లాగి కట్టండి. క్లాంపుకీ ఫైబర్‌కీ మధ్య రబ్బరు ముక్క పెట్టకపోతే పెయింటు పెచ్చులూడుతుంది. పైకి లేపిన ఇంజను బోర్డు కంటే వెనక్కి పొడుచుకొస్తుంటే ఇంజను విప్పి తెప్పలో పడుకోబెట్టడమే మంచిది. హద్దు దాటి బయటికి పొడుచుకొచ్చిన బరువుకి 194వ సెక్షన్‌లో జరిమానా 20,000 రూపాయలు.

తెప్ప ముక్కు మీద మత్స్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉంది కదా అని రోడ్డు మీద వాదించకండి. అది తెప్పది. దాని కాగితం, ట్రైలర్ ఆర్‌సీ, లాగే బండి ఆర్‌సీ మూడూ వేర్వేరు. బండ్ల ఆర్‌సీలు డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి.

ఒక్క ట్రైలర్, ఒక్క ట్రాక్టర్, ఊరు దాటని పని అయితే ఈ బోర్డు కొనకుండా ట్రైలర్ చట్రాన్ని ఒకటిన్నర అడుగు వెనక్కి పొడిగించి లైట్లు అక్కడికి మార్పించుకోవచ్చు అనిపిస్తుంది. కానీ అలా చేస్తే ఆర్‌సీలో ఉన్న కొలత మారిపోతుంది, దానికి రవాణా శాఖ అనుమతి కావాలి. ఆ తిరుగుడు కంటే బోర్డే నయం. కొనేది మాత్రం 11 మీటర్ల వైరు, ఇత్తడి పిన్నులు, రెండు తెల్ల లైట్లు ఉన్నదే కొనండి. అంగట్లోనే మీ బండికి గుచ్చి, హెడ్‌లైటు వేసి, ఎడమ, కుడి, బ్రేక్ ఒక్కొక్కటీ విడివిడిగా నొక్కి చూశాకే డబ్బు ఇవ్వండి.