బత్తాయి తోటకు ఏది మేలు: కొత్త మినీ ట్రాక్టరా, పాత పెద్ద ట్రాక్టరా?

నల్గొండ, అనంతపురం ప్రాంతాల్లో నాలుగైదు ఎకరాల బత్తాయి తోట ఉన్నవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: 24 హెచ్‌పీ కొత్త మినీ ట్రాక్టర్ కొనాలా, లేక దాదాపు ఆ డబ్బుకే వచ్చే 45 హెచ్‌పీ పాత ట్రాక్టర్ కొనాలా? 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడంతో, కొత్తదాని వైపు చూసేవారు మరికొందరు పెరిగారు.

పెద్ద ట్రాక్టర్ తరఫు వాదన తేలికైనదేమీ కాదు. వేసవిలో బిగిసిన నల్లరేగడిని దున్నాలన్నా, పశువుల ఎరువు ట్రక్కు నిండా లాగాలన్నా, పని లేనప్పుడు బాడుగకు తిప్పాలన్నా మినీ దానికి సాటి రాదు. తెలిసిన మెకానిక్‌లూ, విడిభాగాలూ దగ్గరి పట్టణంలోనే దొరుకుతాయి.

అయినా నా లెక్కలో తేల్చేది హెచ్‌పీ కాదు, కొమ్మల కింద దూరే వీలు. 6 మీటర్ల ఎడంతో నాటిన బత్తాయి చెట్లు ఎదిగి రెండు వైపులా కొమ్మలు చాచాక సాలులో మిగిలే దారి ఆరేడు అడుగులే. అందులో ఐదున్నర అడుగులకు పైబడిన బండిని నడిపితే మడ్‌గార్డులు పక్క కొమ్మలను ఒరుసుకుంటాయి, నిటారుగా ఉన్న సైలెన్సర్ కాయలున్న కొమ్మలను విరుస్తుంది. బెరడుకు తగిలిన అలాంటి గాయాల గుండా బంక తెగులు (బెరడు కుళ్లి జిగురు కారే తెగులు) లోపలికి పోవచ్చు. పైగా బత్తాయికి ఆహారం అందించే సన్నని వేర్లు ఎక్కువగా నేల పైపొరలోనే ఉంటాయి కనుక, లోతుగా దిగే పెద్ద గొర్రు వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

మినీల్లో కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245 రెండూ 24 హెచ్‌పీవే, నాలుగు చక్రాలూ లాగేవే, వెనుక పనిముట్లను పైకెత్తే లిఫ్టు సామర్థ్యమూ రెండింటికీ 750 కిలోలే. మొదటిదానికి మూడు సిలిండర్లు, రెండోదానికి రెండు. ఈ తేడా కన్నా సర్వీసు కేంద్రం ఎంత దగ్గరలో ఉందన్నదే ముఖ్యం. కాస్త ధర తగ్గుతుందని రెండు చక్రాలు మాత్రమే లాగే మినీ వైపు మొగ్గవద్దు. బరువు తక్కువైన బండి తడి నేలలో జారి ఉన్నచోటే తిరుగుతుంది.

పవర్ టిల్లర్ వరి మడికి సరిపోతుంది గాని, ఎండలో ఎకరాల కొద్దీ దాని వెనుక నడవడం కష్టం. అద్దె ట్రాక్టర్ చౌకే, కానీ వాన పడి నేల పదునైన రోజున అందరికీ అదే కావాలి.

పనిముట్ల విషయానికొస్తే, తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే రోటవేటర్ వెడల్పు వెనుక టైర్ల బయటి అంచులను దాటి కొద్దిగా ఉండాలి, లేకుంటే టైర్లు తొక్కిన నేల గట్టిగానే మిగిలిపోతుంది. గరిక, తుంగ పట్టిన తోటలో రోటవేటర్ తిప్పితే ఆ తెగిన ముక్కలే మళ్లీ మొలుస్తాయి. అక్కడ స్లాషర్‌తో పైపైన కోయించడం మంచిది. ఇంజన్ శక్తి అంతా పీటీఓకు (ట్రాక్టర్ వెనుక తిరుగుతూ పనిముట్లను నడిపే షాఫ్టుకు) చేరదు కాబట్టి, పనిముట్టు ఎంచుకునేటప్పుడు పీటీఓ హెచ్‌పీ ఎంతో అడిగి తెలుసుకోండి. పీటీఓ షాఫ్టు మీది తొడుగును మాత్రం ఏ మెకానిక్ చెప్పినా తీసేయకండి. పంచె అంచో, చీర కొంగో అందులో చుట్టుకుంటే ఇంజన్ ఆపేంత వ్యవధి కూడా ఉండదు.